కడుపుమంట

"నా జడ మాత్రం బొద్దత్త కుడుతుందిలే సన్నత్తా," అంది సింధూరి, ఖాళీ కాఫీ గ్లాసు కింద పెడుతూ.

సన్నసీత చేతిలో సూది మొగ్గకి ఇవతలే ఆగిపోయింది.

సింధూరి ఆమె తమ్ముడు బసవయ్య కూతురు. ఆదివారం చల్లపల్లిలో పెళ్ళి. సొంత మేనత్త ఇక్కడ ఉండగా, అదీ భవానీపురంలో మొగ్గల జడలకి పేరుమోసిన మేనత్త ఉండగా, జడ ఇంకొకరి చేతికి పోవడమేమిటి?

"నాకు ఖాళీ లేదని ఎవరన్నారే?"

"అది కాదత్తా. పెద్దదానివి, పెళ్ళిలో అన్నీ నువ్వే చూసుకోవాలి కదా. ఒకచోట కూర్చుని జడ కుడుతుంటే ఎలా?"

చెప్పిన కారణం బాగానే ఉంది. కానీ చెప్పే పిల్ల కళ్ళు అత్త ముఖం మీద లేవు. చేతుల మీద ఉన్నాయి. సన్నసీత చటుక్కున కుడిచేతిని కొంగు కిందకి లాక్కుంది.

వీధిగుమ్మం మీద "సీతారావమ్మ మొగ్గల జడలు" అని బోర్డు ఉంటుంది. చూసినవాళ్ళు సీతారావమ్మ అంటే ఒక్క మనిషే అనుకుంటారు. నిజానికి ఇద్దరు. అన్నదమ్ముల పిల్లలు. ఒకే ఏడాది పుట్టారు. తండ్రులిద్దరూ పోటీపడి తల్లి పేరే పెట్టుకున్నారు. పిలుపుకి తేడా కావాలి కాబట్టి చిన్నప్పుడే ఒకరు సన్నసీత, ఇంకొకరు బొద్దుసీత అయిపోయారు. ఆ ఇంటి ఆడపిల్లల పెళ్ళికి మొగ్గల జడ నాయనమ్మ పేరున్న మనిషే కుట్టాలన్నది వాళ్ళింటి ఆనవాయితీ. ఇన్నేళ్ళూ కుట్టింది సన్నసీత. బొద్దుసీత పక్కన కూర్చుని మొగ్గలందించేది. బోర్డు మీది పేరు తనదేనని సన్నసీతకి ఎప్పుడూ అనుమానం కలగలేదు.

ఇవాళ కలిగింది.

సింధూరి వెళ్ళగానే ఆమె చేతిని బయటికి తీసి చూసుకుంది. వేళ్ళ చివరి కణుపుల దగ్గర శనగగింజల్లాంటి బుడిపెలు. పొద్దున పూట సూది పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. పసుపు రాసి గుడ్డపీలిక చుట్టి, ఎవరైనా అడిగితే సూది గుచ్చుకుందని చెబుతోంది. సూది పని చేసే మనిషికి సూది గుచ్చుకోవడం వింతేమీ కాదు కాబట్టి అందరూ నమ్మారు. కనీసం ఆమె అలా అనుకుంది.

మొగ్గల జడలో కిటుకంతా బిగువులో ఉంది. మైలవరం తోటల నుంచి తెల్లారేసరికి వచ్చిన మొగ్గల్ని తడిగుడ్డ మీద పరిచి, పొడవును బట్టి వేరు చేయాలి. అరటిడొప్పని జడ ఆకారంలో కోసి, కాడ పక్కనే సూది దించి, ఒక్కో మొగ్గనీ పక్కదానికి ఆనించి బొటనవేలితో నొక్కి దారం లాగాలి. ఆ నొక్కు సరిగ్గా పడితే పెళ్ళికూతురు రాత్రంతా పీటల మీద కూర్చున్నా ఒక్క మొగ్గ కదలదు. పడకపోతే తలంబ్రాల వేళకి జడ బోసిపోతుంది.

అంతలో గుమ్మంలో నవ్వు వినిపించింది. మనిషి కన్నా ముందు నవ్వు రావడం బొద్దుసీతకి అలవాటు. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని మెల్లగా లోపలికొచ్చింది.

"అక్కా, పునుగులు తెచ్చా. వేడిగా ఉన్నాయి తిను."

"నాకొద్దు. ఇవి తినే నీ మోకాళ్ళు అలా ఏడుస్తున్నాయి. కాస్త తగ్గవే బొద్దూ."

"తగ్గుతాలే. ముందు పునుగులు చల్లారకుండా తిను."

సన్నసీత జీవితంలో కడుపునిండా తిన్న రోజులు తక్కువ. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం పిడికెడు అన్నం, నీరసం వస్తే చక్కెర ఎక్కువేసిన కాఫీ, రెండు బిస్కెట్లు. అలా కాపాడుకున్న నడుము అది. పిల్లలు పుట్టాక పొత్తికడుపు మాత్రం చిన్న కుండలా ముందుకొచ్చింది. కుచ్చిళ్ళు వెడల్పుగా పెడితే అదీ కనపడదు. ఇంత చేసినా ఇంట్లో ఎవరికి బెంగ కలిగినా ఫోన్ బొద్దుసీతకే చేస్తారు. పిల్లలు ఒళ్ళో తలపెట్టుకునేదీ దాని ఒళ్ళోనే. ఇప్పుడు జడ కూడా దానికే పోయింది.

"సింధూరి జడ నిన్ను కుట్టమందట," అంది సన్నసీత, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

బొద్దుసీత పునుగు నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నాతోనూ అంది. నేను అక్కనే అడగవే అన్నాను."

అన్నావులే, అనుకుంది సన్నసీత. ఎలా అన్నావో నాకు తెలుసు. కడుపులో ఏదో భగ్గుమంది.

"రేపు మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నావు కదా. నేనూ వస్తా," అంది.

తోడు కోసం కాదు. పోయినసారి ఇంకో డాక్టరు బల్లకి అవతల నుంచే బొద్దుసీతని చూసి, "ముందు పాతిక కిలోలు తగ్గి రండి," అని తరవాతి పేషంటుని పిలిచాడు. మోకాలు ముట్టుకోలేదు. ఆ మాటకి బొద్దుసీత ముఖం చిన్నబోయిన తీరు సన్నసీతకి ఇంకా కళ్ళలో ఉంది. దాన్ని ఇంకోసారి చూడాలనిపించింది.

* * *

సూర్యారావుపేటలో క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. "సీతారావమ్మ గారూ," అని నర్సు తెరేసమ్మ పిలవగానే ఇద్దరూ లేచారు.

"ఒక్కరేనండీ."

"నేనూ సీతారావమ్మనేనమ్మా," అంది సన్నసీత. తెరేసమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి తలుపు తీసింది.

డాక్టర్ శాంభవి చిన్నపిల్ల. సింధూరి కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. లేచి వచ్చి, బొద్దుసీతని మంచం మీద కూర్చోబెట్టి, కింద మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతోనూ కీలు పట్టుకుంది. వంచింది, చాపింది, పక్కలు నొక్కింది. ఎక్కడ నొప్పో, మెట్లెక్కితేనా దిగితేనా అని అడిగింది. బొద్దుసీత జవాబు చెప్పకుండా ఆ పిల్ల చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమైందండీ, నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. దూరం నుంచే తగ్గమంటారు."

ఇది కాదు సన్నసీత వినాలనుకున్నది. "అంత బరువు మోస్తే ఏ మోకాలు మాత్రం ఊరుకుంటుంది డాక్టరుగారూ? మీరు గట్టిగా చెప్పండి," అంది.

"బరువు కొంత కారణమేనండీ. కానీ ఒక్క బరువే అయితే ఇంకో సంగతి తేలదు. కొవ్వు ఎక్కువున్నవాళ్ళకి చేతివేళ్ళ కీళ్ళు కూడా ఎక్కువగా అరుగుతాయి. చేతివేళ్ళ మీద ఎవరైనా నడుస్తారా?"

సన్నసీత కొంగు కింద పిడికిలి బిగించింది.

"కొవ్వంటే మనం మూటలా మోసే బరువు అనుకుంటాం. అది ఊరికే పడి ఉండదు. గ్రంథిలాగా పనిచేస్తుంది. రకరకాల హార్మోన్లు రక్తంలోకి వదులుతుంది. కొన్ని మేలు చేస్తాయి. కొన్ని కీళ్ళలో గుజ్జుని తినేస్తాయి, ఎముకని పలచబరుస్తాయి. అన్ని చోట్ల కొవ్వూ ఒకటి కాదు. తొడల మీదుండేది చాలావరకు నెమ్మదైనది. లోపల పేగుల చుట్టూ చేరేదే చెడ్డది. ఇందులో మాకు పూర్తిగా అర్థం కానిది ఇంకా చాలా ఉంది. అందుకే చూడకుండా చెప్పలేను. ఒక స్కాన్ ఉంది, ఎముక గట్టిదనం, ఎక్కడ ఎంత కొవ్వుందో రెండూ చెబుతుంది."

సన్నసీతకి ఆలోచన తళుక్కుమంది. "నాకూ తీయండి డాక్టరుగారూ. నాదీ దానిదీ పక్కపక్కన పెట్టి చూపించండి. అప్పుడైనా బుద్ధొస్తుంది."

"తీయొచ్చు. మీ వయసుకి తీయించుకోవాల్సిందే. ఏదీ, ఆ చెయ్యి చూపించండి?"

ఆమె వెనక్కి తీసుకునేలోపే డాక్టరు గుడ్డపీలిక విప్పేసింది. వేళ్ళ చివర్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది.

"సూది పనండీ," అంది సన్నసీత. "గుచ్చుకుంటుంటుంది."

డాక్టరు ఆ చేతికి ఎక్స్‌రే కూడా రాసింది.

బొద్దుసీత గోడ మీద క్యాలెండరు చూస్తోంది, అక్కడ దేవుడి బొమ్మ కూడా లేదు.

* * *

మర్నాడు రిపోర్టుల కోసం వెళ్ళేసరికి లిఫ్టు పనిచేయలేదు. బొద్దుసీత కింద చెరుకురసం బండి దగ్గర బెంచీ మీద కూలబడింది. ఫోన్ తీసి, "తెరేసమ్మ గారూ, మా అక్క పైకొస్తోంది. నాదీ తనకే చెప్పేయమనండి డాక్టరమ్మని," అంది.

సన్నసీత మెట్లు చకచకా ఎక్కింది. సింధూరికి ఏం చెప్పాలో దారిలోనే మాటలు కూర్చుకుంది.

కంప్యూటర్ తెర మీద రెండు మనిషి బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. డాక్టరు మొదటిదాని మీద పెన్ను పెట్టింది.

"ముందు కంగారుగా ఉన్నది చెబుతాను. తుంటి ఎముక బాగా పలచబడింది. కింద పడితే విరిగేలా ఉంది. కండ తక్కువ. కడుపు లోపల, పేగుల చుట్టూ కొవ్వు పేరుకుంది. పైకి కనపడదు, ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ."

"నేను చెబుతూనే ఉన్నానండీ దానికి," అంది సన్నసీత. "వింటేనా? పొద్దున లేస్తే పునుగులు."

డాక్టరు పెన్ను తీసేసి ఆమె వైపు తిరిగింది.

"ఇది మీదండీ."

సన్నసీత ముందుకు వంగి తెర మీది పేరు చదివింది.

"పేర్లు ఒకటే కదమ్మా. మారిపోయి ఉంటాయి."

"ఎత్తూ బరువూ చూశాను, మారలేదు. మీ చెల్లెలిగారి ఎముకలు గట్టిగా ఉన్నాయి. ఆవిడకి కొవ్వు ఎక్కువే, మోకాళ్ళు అరిగిన మాటా నిజమే, వ్యాయామం చేయిద్దాం, బరువు కూడా మెల్లగా తగ్గిద్దాం. కానీ ఆ కొవ్వులో ఎక్కువభాగం తుంటి మీద, తొడల మీద ఉంది. మీది వేరు. చేతులూ కాళ్ళూ సన్నం, ఉన్నదంతా కడుపులో దాగుంది." డాక్టరు గొంతు తగ్గించింది. "మీ కడుపులో మంట ఉందండీ. అది ఎన్నో ఏళ్ళ నుంచి రగులుతోంది. ఆ మంటే మీ వేళ్ళ దాకా వచ్చి ఉండొచ్చు. ఎముకనీ తినేస్తోంది."

సన్నసీత కుర్చీలోంచి సగం లేచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అదా మీతో చెప్పింది?"

"ఎవరండీ?"

"నా కడుపుమంట సంగతి. ఫోన్ చేసి చెప్పిందా? నేను దాన్ని చూసి కుళ్ళుకుంటున్నానని చెప్పిందా?"

డాక్టర్ శాంభవి నోరు తెరిచి, మూసి, నెమ్మదిగా అర్థం చేసుకుంది. నవ్వలేదు. "నేను చెప్పింది వాపు గురించండీ. లోపలి కొవ్వు వదిలే పదార్థాల వల్ల ఒళ్ళంతా సన్నగా వాపు ఉంటుంది. దాన్ని మంట అన్నాను. ఆ మాట నాది. ఆవిడ మీ గురించి ఏమీ అనలేదు."

సన్నసీత మళ్ళీ కూర్చుంది. ఎవరూ అడగకుండానే తన నోటితో తనే బయటపెట్టుకుంది. డాక్టరు తరవాత చెప్పినవి సగమే చెవిన పడ్డాయి. మాత్రలు. రోజూ నడక. తిండి మానొద్దు, పప్పూ గుడ్లూ బాగా తినాలి, కాఫీలో చక్కెర తగ్గించాలి. వేళ్ళు వేడినీళ్ళలో పెట్టి మెల్లగా కదిలించాలి, బిగించి పట్టే పనులు తగ్గించుకోవాలి.

"జడ కుట్టొచ్చా?"

"నొప్పెట్టనంత వరకు."

మెట్లు దిగేటప్పుడు ఆమె కమ్మీ పట్టుకుంది. పడితే విరుగుతుందన్నారు. ఇన్నేళ్ళూ ఆకలితో పడుకున్నది దీని కోసమా? పునుగులు తిన్న మనిషికి గట్టి ఎముకలు, నవ్వు, జడ. ఆకలి చంపుకున్న మనిషికి బుడిపెలు. రెండు రిపోర్టుల మీదా ఉన్న పేరు మాత్రం సీతారావమ్మే.

ఆఖరి మెట్టు మీద ఆమె కాలు ఆగింది.

రెండింటి మీదా సీతారావమ్మే.

"ఏమన్నారక్కా?" బొద్దుసీత చెరుకురసం గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"నావి బాగున్నాయి," అంది సన్నసీత. నోరు దానంతటదే కదిలింది. "నీవే బాలేవు. తుంటి ఎముక పలచబడిందట. కడుపు లోపల కొవ్వు పేరుకుందట. అది ఏవేవో హార్మోన్లు వదిలి వేళ్ళ కీళ్ళు కూడా తినేస్తోందట. బిగించి పట్టే పనులు మానేయమంది."

బొద్దుసీత తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. మెత్తటి, నున్నటి వేళ్ళు. ఒకసారి ముడిచి, మళ్ళీ విప్పింది.

"వేళ్ళు కూడానా?"

"వేళ్ళు కూడా."

"సరేలే అక్కా. అయితే సింధూరి జడ నువ్వే కుట్టు."

గెలిచాననుకుంది సన్నసీత. ఆటో ఎక్కేటప్పుడు బొద్దుసీత తూలితే గబుక్కున రెక్క పట్టుకుంది. పట్టుకున్నాక గుర్తొచ్చింది, విరిగే ఎముక తనదని. భవానీపురం వచ్చేదాకా ఆ రెక్క వదల్లేదు. దారిలో "తగ్గవే" అన్న మాట కూడా అనలేకపోయింది.

మిగిలిన రోజులూ అంతే. మందుల షాపులో తన మాత్రలు తను కొనుక్కుని బియ్యం డబ్బాలో దాచింది. బొద్దుసీతకి ఉప్మా వండి పట్టుకెళ్ళింది. కింద కూర్చోవద్దంది, బిందె ఎత్తొద్దంది. బొద్దుసీత అన్నిటికీ తలూపింది. అంత బుద్ధిగా ఎప్పుడూ లేదు.

* * *

ఆదివారం మధ్యాహ్నం, చల్లపల్లిలో కళ్యాణమండపం పక్కగది. కింద చాప, చాప మీద తడిగుడ్డ, గుడ్డ నిండా మైలవరం మొగ్గలు. ముహూర్తం రాత్రికి. సాయంత్రం ఫొటోల వేళకి జడ వేలాడాలి.

సన్నసీత తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. అరటిడొప్ప కోసింది. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరసలో బొటనవేలు జారింది. మూడో వరసకి వేలి చివర నుంచి మోచేతి దాకా తీగ లాగినట్టయింది. సూది పట్టు తప్పి కిందపడింది. వెతికి తీసి మళ్ళీ గుచ్చింది. మొగ్గలు చూడ్డానికి వరసలోనే ఉన్నాయి, కానీ వేలితో తాకితే ఊగుతున్నాయి.

తలుపు తోసుకుని బొద్దుసీత వచ్చింది. గోడ పట్టుకుని, ఒక మోకాలు, తరవాత ఇంకో మోకాలు వంచి, మూలుగుతూ చాప మీద కూర్చుంది.

"కింద కూర్చోవద్దన్నానా?"

బొద్దుసీత ఆ జడ చివరని ఒళ్ళోకి లాక్కుని, రవికకి గుచ్చుకున్న సూది తీసి, మొదటి వరస నుంచి ఒక్కో కుట్టులోనూ దారం పట్టి లాగి బిగించడం మొదలుపెట్టింది. ఆ చేతివాటం చూస్తే ఇవాళ మొదలుపెట్టిన పనిలా లేదు.

సన్నసీత చేతిలోని సూది కింద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినేడు మాఘమాసం పెళ్ళిళ్ళ నుంచి. నువ్వు కుట్టేసి కాఫీకి లేచాక నేను బిగించేదాన్ని. ఒకసారి సింధూరి చూసింది. దాని జడ నన్ను కుట్టమన్నది అందుకే. నీతో చెప్పలేక ఏదో చెప్పింది, పాపం." దారం పంటితో తెంపింది. "చెడిపోయింది నా వేళ్ళేనని చెప్పావుగా. చెడిపోయిన వేళ్ళతో బిగిస్తున్నా, ఏమనుకోకు."

మండపంలో సన్నాయి శ్రుతి చూసుకుంటున్నారు.

"నీకు తెలుసా?"

"నాకెప్పుడే వేళ్ళు నొప్పెట్టాయి? మెట్ల దగ్గరే అనుమానమొచ్చింది. సాయంత్రం ఆ డాక్టరమ్మే ఫోన్ చేసింది, మోకాలి వ్యాయామాలు చెప్పడానికి. మీ ఎముకలు బాగున్నాయండీ అని ఆవిడే మొదలుపెట్టింది."

"మరి నన్నెందుకు అడగలేదే?"

బొద్దుసీత చేతులు ఆగాయి. ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేని ఆ ముఖాన్ని సన్నసీత ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

"అడుగుదామనే బయల్దేరాను. కడిగేద్దామనుకున్నా. నువ్వు ఉప్మా పట్టుకుని ఎదురొచ్చావు. తిను అన్నావు. నా బతుకులో నువ్వు నన్ను తినమనడం అదే మొదటిసారి. జబ్బు మనిషినని ఈ నాలుగు రోజులూ ఒక్కసారి కూడా తగ్గమనలేదు. ఇంకో రోజు చూద్దాం, ఇంకో రోజు చూద్దాం అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చేశాను." మళ్ళీ సూది దించింది. "నీ నడుము చూస్తే నాకెప్పుడూ కుళ్ళేనే అక్కా. పెళ్ళిచూపుల్లో నీ పక్కన కూర్చోబెట్టొద్దని అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. నీకు తెలీదులే."

సన్నసీత గుడ్డపీలిక విప్పి, బుడిపెల చెయ్యి చాప మీద బాహాటంగా పెట్టింది. సూదిలో దారం ఎక్కించి, బొద్దుసీత చేతికిచ్చింది.

"నాలుగో వరస నుంచి నువ్వు కుట్టు. మొగ్గలు నేను ఏరతాను."

"పొడుగువి ముందు ఇవ్వు."

"నాకు చెబుతున్నావా?"

సన్నసీత మొగ్గలు ఏరుతూ, బొద్దుసీత కుడుతూ కూర్చున్నారు. వరస తరవాత వరస గీత గీసినట్టు దిగుతోంది. తన చేయి బాగున్న రోజుల్లో కూడా ఇంత తీరుగా కుట్టానా అని సన్నసీత లోలోపల కొలుచుకుంది. కుట్టలేదనిపించింది. కడుపులో మంట లేచింది. కొవ్వుదో, తనదో తేల్చుకోలేకపోయింది.

"కుళ్ళుగా ఉందే," అంది పైకే.

"ఉండనీ. ఆ మరువం ఇటివ్వు."

సాయంత్రం సింధూరిని దీపాల కింద వెనక్కి తిప్పి నిలబెట్టి ఫొటోలు తీస్తుంటే మగపెళ్ళివారి ఆడవాళ్ళు మూగారు. జడని వేలితో తాకి చూశారు. ఒక్క మొగ్గ ఊగలేదు. పెళ్ళికొడుకు పిన్ని అడిగింది, "ఎవరు కుట్టారమ్మా?"

"మా సీతారావమ్మత్త," అంది సింధూరి. అని, ఆగి, సన్నసీత వైపు బెరుగ్గా చూసింది.

ఆ పిన్ని కూడా ఆమె వైపే తిరిగింది. "మీరేనాండీ సీతారావమ్మగారు? అంతా ఒక్కరే కుట్టారా?"

ఔనంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. పేరు తనదే, మూడు వరసలూ తనవే. సన్నసీత నోటిదాకా వచ్చింది. మండపం అవతల బొద్దుసీత కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఎవరో తెచ్చిన జిలేబీ నవ్వుతూ తింటోంది.

"నేను కాదండీ. అదుగో, ఆవిడ."

"ఎవరూ, ఆ లావుగా ఉన్నావిడేనా?"

"కాదండీ," అంది సన్నసీత. "ఆ వేళ్ళు బాగున్నావిడ."